అమ్మకు మూడు పుట్టినరోజులు, ఒక రిఫండు

మా అమ్మ దగ్గర ఒక పాత డైరీ ఉంది. నాన్నకు బడిలో ఎవరో ఇచ్చిన 2011 నాటిది. పాల లెక్క, గ్యాస్ బండ మార్చిన తేదీ, చిట్టీ పాట ఎంతకు పోయిందీ అన్నీ అందులోనే. 2025 ఏప్రిల్‌లో ఒక సాయంత్రం నేను బడి నుంచి వచ్చి చెప్పులు విడవకముందే ఆ డైరీ తెచ్చి నా ముందు తెరిచింది. నాలుగు తేదీలు, వాటి పక్కన నాలుగు అంకెలు. నాలుగూ ఒకటే: 18,000.

"ఇరవై రెండున్నర వేలు పడాలె కద బిడ్డా? బ్యాంకాయన ఆ రోజు కాయితం మీద రాసిచ్చిండు. పడ్డప్పుడల్ల నాలుగున్నర వేలు తక్కువ పడుతున్నయి. ఎవరు కోస్తున్నరు?"

నాన్న 2022 డిసెంబరులో పోయాడు. ఆయన పేరు మీద ఉన్న డిపాజిట్లు అమ్మ పేరుకు మారేసరికి ఏడాది దాటింది. చివరికి 2024 ఏప్రిల్‌లో 12 లక్షలు ఒకే ఎఫ్‌డీగా వేశాం. ఏడున్నర శాతం వడ్డీ, మూడు నెలలకోసారి ఖాతాలో పడేటట్టు. లెక్క ప్రకారం ఏడాదికి 90,000, విడతకు 22,500. అమ్మ చెప్పింది నిజమే. నాలుగు విడతల్లో కోసింది కలిపితే 18,000, అంటే ఆమె చేతికి వచ్చే ఒక విడత వడ్డీ మొత్తం ఏదో దారిలో పోయింది. నేను హన్మకొండలో ఒక ప్రైవేటు బడిలో పదో తరగతికి లెక్కలు చెప్తాను. బారువడ్డీ, చక్రవడ్డీ బోర్డు మీద దంచుతాను. మా ఇంట్లో వడ్డీ ఎటు పోతున్నదో ఏడో తరగతి చదివిన అమ్మ పట్టుకుంది.

నక్కలగుట్టలో బ్యాంకులకు కొదవ లేదు. మాది ఏదో చెప్పను. కౌంటర్‌లో అబ్బాయి పాస్‌బుక్ చూడకుండానే అన్నాడు: "టీడీఎస్ కట్ అయిందమ్మా. మేమేం చెయ్యలేం, సిస్టమే కోస్తది."

"ఆ సిస్టమ్‌ను పిలువు, నేను మాట్లాడ్త" అంది అమ్మ.

వెనక లైన్లో ఉన్నవాళ్లు నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఆమె గొంతు కొంచెం పెద్దదే. లోపలి గదిలోంచి ఒక మేడమ్ వచ్చి మమ్మల్ని కూర్చోబెట్టి, కంప్యూటర్ తెర మా వైపు తిప్పింది. పాన్ నెంబరు ఎదురుగా ఎర్రటి అక్షరాల్లో ఒక మాట: 'ఇనాపరేటివ్'. పని చేయని పాన్ అన్నమాట. పాన్‌కు ఆధార్ లింకు కాలేదు గనక 2023 జూలై 1 నుంచి ఆ కార్డు ఉన్నా లేనట్టే.

ఇక్కడ టీడీఎస్ సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే నాకూ అప్పటిదాకా తెలియదు. 60 ఏళ్లు దాటినవాళ్లకు ఒక బ్యాంకులో డిపాజిట్ల మీద వడ్డీ ఏడాదికి 50,000 దాటితే (అది 2024-25 నాటి హద్దు) బ్యాంకు పది శాతం పన్ను ముందే పట్టుకుని ప్రభుత్వానికి కడుతుంది. పాన్ లేకపోతే ఇరవై శాతం. పని చేయని పాన్‌ను లేని పాన్‌గానే లెక్కేస్తారు. 22,500లో ఇరవై శాతం 4,500. అమ్మ డైరీలో తేడా సరిగ్గా అదే.

"మరి మేము ఫారం 15హెచ్ ఇచ్చినం కద మేడమ్, పోయిన ఏప్రిల్‌లోనే?" అన్నాను. పన్ను పడేంత ఆదాయం లేని పెద్దవాళ్లు నా వడ్డీలో కోయొద్దని అప్పట్లో రాసిచ్చే కాగితం అది. ఇచ్చాం, నిజమే. కానీ పాన్ పనిచేయకపోతే ఆ ఫారం కూడా చెల్లదట. ఆ మాట ఫారం తీసుకుని ముద్ర వేసిన రోజే చెప్పి ఉంటే మేము మరుసటి రోజే పరుగెత్తేవాళ్లం. ఏడాది తర్వాత చెప్తే వినడం తప్ప చేసేదేముంది. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు.

నాన్న తన పాన్‌కు ఆధార్ ఎప్పుడో లింకు చేసుకున్నాడు. అప్పుడది ఉచితం. 2022 ఏప్రిల్ నుంచి 500, జూలై నుంచి 1,000 అయింది. ఆఖరి గడువు 2023 జూన్ 30. అమ్మది ఎందుకు చేయలేదంటే, అప్పుడు అమ్మకు ఆదాయమే లేదు. ఆమె పాన్ 2009లో ప్లాటు రిజిస్ట్రేషన్ కోసం తీసి బీరువాలో పెట్టింది. ఆయన ఉంటే గడువుకు ముందే గుర్తొచ్చి చేసేవాడు. గడువు వచ్చేనాటికి ఆయనే లేడు.

సరే, ఆ రాత్రే ఫోన్‌లో ఆదాయపు పన్ను పోర్టల్ తెరిచాను. పాన్ పనిచేస్తున్నదా లేదా, ఆధార్ లింకు అయిందా లేదా అన్నవి చూడటానికి అక్కడ లాగిన్ కూడా అక్కర్లేదు. మొదటి పేజీలోనే ఉంటాయి. రెండు నిమిషాల పని. మీ ఇంట్లో అమ్మానాన్నలవి కూడా ఈ రాత్రే ఒకసారి చూడండి.

ఆ తర్వాత తొందరపడి తప్పు చేశాను. ముందు 1,000 కట్టేస్తే సగం పని అయిపోతుందనుకున్నాను. కట్టే చోట ఏ రకం చెల్లింపు అని అడిగితే, 'ఇతర రసీదులు (500)' అని ఒకటుంది. అమ్మయ్య, 500కు తగ్గించారేమో అనుకున్నాను. అది రుసుము కాదు, ఆ పద్దు కోడ్ నెంబరు. కింద రుసుము 1,000 దానంతట అదే వచ్చి కూర్చుంది. ఇంకోటి, అసెస్‌మెంట్ ఇయర్ అట. సంపాదించింది ఒక ఏడాది, లెక్క చెప్పేది ఇంకో ఏడాది పేరుతో. 2024-25లో వచ్చిన వడ్డీకి అసెస్‌మెంట్ ఇయర్ 2025-26. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే ఆదాయపు పన్ను చట్టం 2025లో ఈ రెండు పేర్ల గోల తీసేసి 'ట్యాక్స్ ఇయర్' అని ఒక్కటే పెట్టారు. మంచి పని చేశారు, నాలాంటి లెక్కల టీచర్లు బతికిపోయారు.

డబ్బు కట్టి, రెండు రోజులాగి లింకు చేయబోతే పడలేదు. పుట్టిన తేదీ కలవడం లేదట.

మా అమ్మకు మూడు పుట్టినరోజులు. పాన్‌లో 1959 జూన్ 5. ఆధార్‌లో 1957 జనవరి 1. అసలుది ఏదంటే, ఎంగిలిపూల బతుకమ్మ నాడు. ఏ ఏడో మా అమ్మమ్మకు కూడా సరిగ్గా తెలియదు, కానీ బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్య నాడు పొద్దుగూకే వేళ, వాకిట్లో పూలు పేరుస్తుంటే నొప్పులొచ్చాయని మాత్రం ఊరంతా చెప్తారు. పరకాల దగ్గర ఆ ఊళ్లో అమ్మను బడిలో వేసేటప్పుడు హెడ్‌మాస్టరు వయసు సరిపోయేటట్టు లెక్కేసి జూన్ 5 రాశాడు. టీసీలో అదే, టీసీ పెట్టి తీసిన పాన్‌లోనూ అదే. ఆధార్ క్యాంపులో కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లవాడు "ఎన్నేండ్లుంటయి అవ్వా?" అని అడిగితే అమ్మ ఒక అంకె చెప్పింది, అతను జనవరి 1 వేసుకున్నాడు. మా పెద్దవాళ్లలో బడికి పోయినవాళ్లంతా జూన్‌లో పుట్టారు, ఆధార్ క్యాంపుకు పోయినవాళ్లంతా జనవరి 1న పుట్టారు. రెంటికీ పోయినవాళ్లకు నా పాట్లే.

పేరులోనూ తేడా ఉంది. అమ్మ పేరు చివర లక్ష్మి. పాన్‌లో కె, ఎస్, హెచ్ వేసి రాశారు. ఆధార్‌లో మన వరంగల్ పద్ధతిలో ఎక్స్ వేశారు. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక. ఇంటిపేరు ముందు చెప్పుకునే మనల్ని 'లాస్ట్ నేమ్' ఏది అని అడిగే ఫారాలు చూసినప్పుడల్లా నాకు చిరాకు. మన పేర్లు తెలియనివాళ్లెవరో తయారుచేసిన ఫారంలో మన పేర్లు ఇరికించలేక ఎన్ని తరాలు తంటాలు పడ్డాయో.

చిరునామాల సంగతి అయితే చెప్పనక్కర్లేదు. పాన్ తీసినప్పుడు వరంగల్ జిల్లా, ఆంధ్రప్రదేశ్. ఆధార్‌లో వరంగల్ అర్బన్, తెలంగాణ. 2021 ఆగస్టు నుంచి మాది హన్మకొండ జిల్లా. ఇల్లు మాత్రం కదల్లేదు. అదృష్టం, ఈ లింకుకు చిరునామా చూడరు. పేరు, పుట్టిన తేదీ, ఆడా మగా అన్నవే చూస్తారు.

మా సందు చివర జిరాక్సు షాపులో పాన్, ఆధార్, రేషన్ కార్డు పనులన్నీ చేస్తారు. అక్కడి అబ్బాయి తేలిగ్గా చెప్పాడు: "అక్కా, ఆధార్‌లో డేట్ మార్పిస్తే అయిపాయె. అన్నీ కలిపి మూడు వేలు ఇయ్యి, నేను చూసుకుంట." దాదాపు ఒప్పుకున్నాను. అమ్మే ఆపింది. "మీ నాయిన దోస్తు సారును అడుగుదాం" అంది.

ఆ సారు రిటైరై పదిహేనేళ్లయింది. పెన్షనర్ల భవనంలో కూర్చుని తోటి ముసలివాళ్ల ఫారాలన్నీ నింపుతుంటాడు. నేను చెప్పింది మొత్తం విని, కళ్లజోడు తీసి తుడుచుకుని, "అమ్మ పెన్షన్ కాయితంల ఏ డేట్ ఉన్నది?" అన్నాడు. చూస్తే జనవరి 1, 1957. నాన్న పోయాక ఫ్యామిలీ పెన్షన్‌కు ఆధారే పెట్టాం కదా. పేరూ ఎక్స్ వేసిందే.

"మరి ఆధార్ ఎందుకు ముట్టుకుంటవమ్మా? దాని మీద పెన్షన్ ఉన్నది, బ్యాంకు ఉన్నది, గ్యాస్ ఉన్నది. పాన్ మీద ఏమున్నది? ఏం లేదు. ఏ కాయితం మీద ఎక్కువ పనులు వేలాడుతున్నయో దాన్ని కదపకు. మిగిలినయి తెచ్చి దానికి కలుపు."

ఈ ఒక్క మాటకే ఆయనకు నేను రుణపడి ఉన్నాను. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే మారుస్తారు, పేరు రెండుసార్లే. జూన్ 5కు మార్పించి ఉంటే ఈ లింకు అయ్యేది, పెన్షన్ దగ్గర కొత్త పేచీ మొదలయ్యేది. పైగా పాన్‌లో పుట్టిన తేదీ మార్చడానికి అప్పట్లో ఆధార్ కార్డే రుజువుగా సరిపోయేది. ఆధార్‌లో మార్చాలంటే జనన ధ్రువపత్రం లాంటిది కావాలి. పెత్రమాస నాడు పుట్టినట్టు సర్టిఫికెట్ ఎవరిస్తారు?

అయినా ఆధార్ సెంటర్‌కు పోక తప్పలేదు, వేరే కారణంతో. ఆధార్‌కు జతచేసిన ఫోన్ నెంబరు నాన్నది. కోసిన డబ్బు వెనక్కి రావాలంటే రిటర్ను, అంటే ఏడాది ఆదాయం లెక్క చెప్పే ఫారం, వేయాలి. దాన్ని ఖరారు చేసే ఆధార్ ఓటీపీ ఆ ఫోన్ నెంబరుకే వస్తుంది. నాన్న పోయాక కొన్ని నెలలు ఆ సిమ్ రీచార్జి చేస్తూ వచ్చాం, ఆ తర్వాత మానేశాం. ఇప్పుడెట్లా ఉందోనని ఆ నెంబరుకు ఫోన్ చేశాను. రింగయింది. ఎవరో ఎత్తారు. ఒక క్షణం నా నోట మాట రాలేదు.

మంచిర్యాలలో బొలెరో నడుపుకునే అబ్బాయి. నెంబరు తనకు వచ్చి ఏడాదయిందట. "ఓటీపీలు వస్తుంటయి అక్కా. ఎవరివో అని డిలీట్ కొడుత" అన్నాడు. కనెక్షన్ రద్దయిన నెంబరును మూడు నెలలు గడిచాక కంపెనీలు ఇంకొకరికి ఇవ్వొచ్చు. ఆ సంగతి అప్పుడు తెలుసుకున్నాను. రేపు అవసరమైతే ఓటీపీ చదివి చెప్పమని ఈ అబ్బాయిని అడిగితే పోలా అని కూడా అనిపించింది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని పిల్లలకు ప్రేయర్‌లో చెప్పే టీచర్ని నేను. మంచి అబ్బాయి కాబట్టి సరిపోయింది గానీ, మా అమ్మ ఖాతా తాళంచెవి ఏడాదిగా ఎవరో తెలియని మనిషి జేబులో ఉంది.

అమ్మ ఫోన్‌లో ఆ నెంబరు ఇంకా 'సారు' అనే ఉంది. తీసెయ్యమని నేను చెప్పలేదు.

ఫోన్ నెంబరు మార్చడానికి కాగితాలేవీ అక్కర్లేదు గానీ, అప్పుడు మనిషి పోవాల్సి వచ్చింది, 50 రూపాయలు కట్టాల్సి వచ్చింది (2025 అక్టోబరు నుంచి 75 చేశారు). పొద్దున ఎనిమిదింటికే పోతే మాది 23వ టోకెను. ముందున్నవాళ్లలో సగం మంది చంటిపిల్లల తల్లులు, మిగతా సగం మా అమ్మలాంటివాళ్లు. అమ్మ వేళ్లు మిషన్ పట్టలేదు. బొటనవేలు, చూపుడువేలు, మళ్లీ బొటనవేలు. కొంగుతో తుడిచింది, తలకు రాసుకున్న నూనె అంటించి చూసింది. "నలభై ఏండ్లు బాసన్లు తోమిన చెయ్యి, గీతలెక్కడివి బిడ్డా" అని ఆపరేటరమ్మాయితో అంది. చివరికి కన్ను చూపిస్తే పట్టింది. ఇది తెలిసి ఉండటం మంచిది: వేలిముద్ర పడకపోతే కనుపాపతో చేయమని అడగొచ్చు. మూడో రోజుకే కొత్త నెంబరుకు మెసేజ్ వచ్చింది.

పాన్ మార్పు ఫారం జిరాక్సు షాపులోనే తీసుకున్నాను, నింపడం మాత్రం నేనే నింపాను. అప్పుడు రుసుము 107 రూపాయలు. దీంట్లో ఒక మెలిక. మార్చాల్సిన గడికి ఎడమవైపు చిన్న పెట్టె ఉంటుంది, అందులో టిక్కు పెడితేనే ఆ వివరం మారుస్తారు. వివరం రాసి టిక్కు మరిచిపోతే రాసింది వృథా. ఇంకోటి తండ్రి పేరు. షాపు అబ్బాయి పక్కనుంచి "అక్కా, అమ్మకు పెండ్లయింది కద, నాన్న పేరే రాయి" అన్నాడు. అంటే మా నాన్న పేరు. కానీ పాన్‌కు పెళ్లయిన ఆడవాళ్లు కూడా తమ తండ్రి పేరే ఇవ్వాలి, ఫారం మీదే రాసి ఉంటుంది. మా తాత పేరు రాశాను.

కొత్త కార్డు రెండు వారాలకు పోస్టులో వచ్చింది. అమ్మ కార్డు తీసి చాలాసేపు చూసింది. ఫొటో బాగోలేదని అనుకుంటుందేమో అనుకున్నా. "మా నాయిన పేరున్నది దీంట్ల" అంది. ఆధార్‌లో ఆమె ఫలానావారి భార్య. పెన్షన్ పుస్తకంలో ఫలానావారి విధవ. ఇన్ని కార్డుల్లో మా తాత పేరున్నది ఈ ఒక్కదాంట్లోనే. 2009 నుంచి బీరువాలో ఉన్న పాత కార్డులో కూడా ఉండే ఉంటుంది, ఎవరం చూడలేదు.

ఇక లింకు మొదటిసారే పడింది. ముందు కట్టిన 1,000 అలాగే లెక్కలో ఉంది, మళ్లీ కట్టాల్సిన పని రాలేదు. పాన్ మళ్లీ పనిలోకి రావడానికి నెల దాకా పట్టొచ్చని రాసి ఉంది. మాకు అంత పట్టలేదు. జూలై మూడో వారంలో చూస్తే పనిచేస్తున్నట్టు చూపించింది.

ఈ మధ్యలో జూన్ విడత వడ్డీ పడింది. పూర్తిగా 22,500! అసలు సంగతేమిటంటే, 2025 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్లకు టీడీఎస్ హద్దును 50,000 నుంచి లక్షకు పెంచారు. అమ్మ వడ్డీ ఏడాదికి 90,000 కాబట్టి ఇక కోత లేదు. ఈ మాట అమ్మకు రెండుసార్లు చెప్పాను. ఆమె నమ్మలేదు. ఆ రోజు బ్యాంకులో తాను గట్టిగా అడిగినందుకే సిస్టమ్ భయపడిందని ఆమె లెక్క. వాడకట్టులో అందరికీ అదే చెప్పింది.

మిగిలింది పోయిన ఏడాది 18,000 వెనక్కి తేవడం. దానికి రిటర్ను వేయాలి, అమ్మ జీవితంలో మొదటిది. పోర్టల్‌లో పాన్‌తో ఖాతా తెరిచాను. ఫారం 26ఏఎస్ తీస్తే బ్యాంకు కోసిన నాలుగు కోతలూ వరసగా ఉన్నాయి, అమ్మ డైరీలో ఉన్నట్టే. బ్యాంకు పట్టుకున్న డబ్బు మన పేరున ప్రభుత్వానికి చేరిందా లేదా అనడానికి ఇదే సాక్ష్యం. ఏఐఎస్ అని ఇంకో పట్టిక ఉంటుంది. దాంట్లో సేవింగ్స్ ఖాతా వడ్డీ 2,140 కూడా చూపించింది. నేనైతే దాన్ని మరిచిపోయేదాన్ని.

ఐటీఆర్-1 అనే రిటర్ను ఫారం మామూలుదే, లెక్కలు వచ్చినవాళ్లు ఎవరైనా నింపొచ్చు. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. ఫ్యామిలీ పెన్షన్‌ను జీతం గడిలో వేయకూడదు. నాన్న బతికున్నప్పుడు ఆయన తీసుకున్న పెన్షన్ జీతం కింద లెక్క. ఆయన పోయాక అమ్మకు వచ్చేది 'ఇతర ఆదాయం' కింద లెక్క. జీతం గడిలో వేస్తే కొత్త పన్ను విధానంలో 75,000 తగ్గింపు దానంతట అదే వచ్చేస్తుంది, చూడటానికి బాగుంటుంది, కానీ అది మనది కాదు. ఫ్యామిలీ పెన్షన్‌కు కొత్త విధానంలో తగ్గింపు మూడో వంతు లేదా 25,000, రెంటిలో ఏది తక్కువైతే అది. అమ్మకు నెలకు 22,000 చొప్పున ఏడాదికి 2,64,000. అందులో 25,000 పోతే 2,39,000. దానికి వడ్డీలు 92,140 కలిపితే 3,31,140. 2024-25 లెక్కలో మూడు లక్షలు దాటిన దాని మీద ఐదు శాతం, అంటే 1,557. ఆ ఏడాది హద్దు ప్రకారం ఆదాయం ఏడు లక్షల లోపే కాబట్టి రిబేటులో అదీ మాఫీ. కట్టాల్సిన పన్ను సున్నా, కట్టింది 18,000, రావాల్సింది 18,000.

ఆ సున్నా చూసి అమ్మ అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. "పన్నే లేనప్పుడు ముందుగాల ఎందుకు కోసిండ్రు?"

రిఫండు పడాల్సిన బ్యాంకు ఖాతాను పోర్టల్‌లో ముందే సరిచూపించాలి. అది మొదట పడలేదు, ఎందుకంటే బ్యాంకు రికార్డులో ఇంకా పాత పాన్ పేరే ఉంది. మళ్లీ నక్కలగుట్ట, మళ్లీ కేవైసీ ఫారం, ఒక వారం. ఆగస్టు 20న రిటర్ను వేసి, అమ్మ ఫోన్‌కు వచ్చిన ఆధార్ ఓటీపీతో వెరిఫై చేశాను. రిటర్ను వేసి ఊరుకుంటే చెల్లదు, 30 రోజుల్లోపు ఇలా ఖరారు చేయాలి. మా స్టాఫ్‌రూములో ఒక సారు రెండేళ్ల కింద ఇది తెలియక వేసినా వేయనట్టే అయ్యాడు. రిటర్ను వేయడానికి గడువు అప్పటికి సెప్టెంబరు 15. ఆఖరి రాత్రి ఇంకో రోజు పెంచారనుకోండి, నాకు మాత్రం దాని మీద ఆశ పెట్టుకునేంత గుండె లేదు.

సెప్టెంబరు మొదట్లో అమ్మ ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. మీ రిఫండు మంజూరైంది, ఖాతా నెంబరు తప్పుగా ఉంది, కింది లింకు నొక్కి సరిచేసుకోండి అని. సరిగ్గా మేము ఎదురుచూస్తున్నప్పుడే. అమ్మ అప్పటికే కళ్లజోడు పెట్టుకుని వేలు ఎత్తింది. నేను వంటింట్లోంచి చూసి అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు వచ్చారు. రిటర్నులు వేసే కాలంలో ఇలాంటివి లక్షల మందికి గుడ్డిగా పంపుతారు, వాళ్లలో నిజంగా ఎదురుచూసేవాళ్లు నొక్కుతారు. ఆదాయపు పన్ను శాఖ రిఫండు కోసం ఓటీపీ గానీ పిన్ గానీ కార్డు నెంబరు గానీ అడగదు. రిఫండు ఎక్కడిదాకా వచ్చిందో పోర్టల్‌లోకి మనమే పోయి చూసుకోవాలి. ఒకవేళ నొక్కి డబ్బు పోతే ఆ క్షణమే 1930కి ఫోన్ చేయాలి, తెల్లారేదాకా ఆగకూడదు. ఇదంతా అమ్మకు చెప్పాను. "నీకేం తెలుస్తదే అని తిట్టకు మరి, చెప్తే తెలుస్తది" అంది. నిజమే, నేను అరిచానే గానీ అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

ముద్దపప్పు బతుకమ్మ నాడు నేను బయటి నుంచి వచ్చేసరికి అమ్మ తంగేడు పూలు, గునుగు పూలు ముందేసుకుని కూర్చుంది. లేవకుండానే ఫోన్ నా వైపు జరిపింది.

"ఇది దొంగదా, అసలుదా? నేను నొక్కలేదు బిడ్డా. దీంట్ల లింకు గూడ లేదు."

బ్యాంకు మెసేజ్. 18,000, దాని మీద కొంచెం వడ్డీ. ఆ వడ్డీని వచ్చే ఏడు వేసే రిటర్నులో చూపించాలని చెప్తే అమ్మ చేతిలోని గునుగు పువ్వు నా మీదికి విసిరింది.

ఫోన్‌లో అంకె చూస్తే ఆమెకు తృప్తి లేదు, పుస్తకంలో అచ్చుపడాలి. మరుసటి రోజు మధ్యాహ్నం బ్యాంకుకు తీసుకుపోయాను. తలుపు పక్కన పాస్‌బుక్ మిషన్ మీద కాగితం అంటించి ఉంది: 'మిషన్ పనిచేయుట లేదు'. ఇంకో రోజు వద్దాం అనబోతుంటే, అమ్మ అప్పటికే కొంగు బొడ్డులో దోపుకుని కౌంటర్ వైపు నడుస్తోంది.